ఇచ్ఛాపురం నుంచి విజయనగరానికి సైకిల్ మీద: హైవే వదిలేసి వెళ్లొచ్చా?

నాగావళి గట్టు
అందరికీ నమస్కారం. సంక్రాంతి దాటాక నాలుగు రోజులు ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా సైకిల్ మీద వద్దామని ఆరు నెలలుగా రూటు గీస్తున్నాను. హైవే పట్టుకుంటే సుమారు 200 కిలోమీటర్లు. నేను గీసింది 270 దాకా వస్తోంది. అందులో హైవే మీద ఉండేది 15 కిలోమీటర్లకు మించదు. మిగతాదంతా ఊరి రోడ్లు, కాలువ గట్లు, తోటల మధ్య బండిదార్లు.

మొదటి రోజు ఇచ్ఛాపురం, కవిటి, బారువ, మందస, పలాస. రెండో రోజు ఉద్దానం తోటల్లోంచి కిందికి దిగి నౌపడ ఉప్పు మళ్లు, తేలినీలాపురం పక్షులు చూసుకుని టెక్కలి. మూడో రోజు వంశధార ఎడమ కాలువ గట్ల వెంబడి నరసన్నపేట వైపు వచ్చి, మడపాం దగ్గర ఏరు దాటి, శాలిహుండం, కళింగపట్నం, శ్రీకూర్మం మీదుగా శ్రీకాకుళం. నాలుగో రోజు ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి, రామతీర్థం, విజయనగరం.

ఇచ్ఛాపురం నుంచి ఎందుకు మొదలుపెట్టడం అని అడుగుతారు. ఆ రోజుల్లో ఈశాన్యం గాలి. అటు నుంచి ఇటు వస్తే వీపు మీద పడుతుంది. ఇటు నుంచి అటు వెళ్తే నాలుగు రోజులూ ముఖాన కొడుతుంది. సైకిళ్లను రైల్లో లగేజీగా బుక్ చేసి తీసుకెళ్దాం.

ఇప్పటికి ఏడుగురం. రూటు గురించి మీ సలహా కావాలి.

పాత అట్లాస్
దసరా సెలవుల్లో పెట్టుకుంటే ఇంకా ఎక్కువ మంది వచ్చేవారు కదా?

నాగావళి గట్టు
దసరాకు వద్దండీ. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అదే 12న, 2018లో తిత్లీ 11న తీరం దాటాయి. మూడు తుఫాన్లూ ఆ వారమే. ఆ నెలలో మన తీరాన రైడ్ పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

తెల్లగీత
గాలి లెక్క సరిగ్గానే వేశారు. దారి లెక్కే తప్పింది. 200 కిలోమీటర్ల పనిని 270 ఎందుకు చేసుకోవాలి? అంటే రోజుకు 67 చొప్పున. తారు రోడ్డు మీద 67 వేరు, గట్టు మీద 67 వేరు. గట్టు మీద గంటకు 12 దాటి వెళ్లలేరు. పంక్చర్లు, టిఫిన్లు, ఫొటోలు కలిపితే రోజూ చీకటి పడుతుంది. జనవరిలో ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. హైవే మీద అంచున తెల్లగీత ఉంటుంది, పక్కన షోల్డర్, అంటే గీత అవతల ఖాళీ అంచు ఉంటుంది, ఊరి దగ్గర సర్వీసు రోడ్డు ఉంటుంది. ఏడుగురూ వరసగా వెళ్లొచ్చు. పదేళ్లుగా విజయనగరం నుంచి శ్రీకాకుళానికి అలాగే వెళ్తున్నాను.

ఉద్దానం కొబ్బరి
తోటల మధ్య దారి పెట్టకండి. ముళ్లుంటాయి.

నాగావళి గట్టు
@తెల్లగీత మీరు చెప్పే షోల్డర్ మీదే లారీలు ఆపుకుంటారు. దాన్ని తప్పించడానికి మనం లోపలికి జరగాలి, వెనక నుంచి బస్సు వస్తుంది. పోయినేడు రణస్థలం దాటాక ఒక టిప్పర్ నా హ్యాండిల్‌కు జానెడు దూరంలో వెళ్లింది. ఆ గాలికి సైకిల్ ఊగిపోయి కంకరలోకి దిగాను. ఇంటికి వెళ్లాక కూడా చేతులు వణికాయి. ఆ రోజే అనుకున్నాను, ఇక హైవే వద్దని.

@ఉద్దానం కొబ్బరి ముళ్లకు ఇబ్బంది లేదండీ. అందరివీ ట్యూబ్‌లెస్ టైర్లు, చిల్లు పడితే పూడ్చే సీలెంట్ లోపల పోసుకుంటాం.

తెల్లగీత
గంటకు ఎన్ని కిలోమీటర్లు అన్నదానికి జవాబు చెప్పలేదు.

కొండ దిగువ
సీతంపేట వైపు నుంచి పాలకొండకు దిగండి. అడవి, కొండ, నీడ. తీరంలో ఏముంది?

పాత అట్లాస్
అటు ఏనుగులు తిరుగుతున్నాయి కదండీ. ఒడిశా నుంచి దిగిన గుంపు పార్వతీపురం మన్యంలోనే ఉంది. మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. సైకిల్ మీద మలుపు తిరిగేసరికి ఎదురుగా ఏనుగుంటే ఏం చేస్తారు?

చంపావతి
నేనూ వద్దామనుకుంటున్నాను కాబట్టి నా మాట కూడా వినండి. రాత్రి బస పట్నాల్లోనే ఉండాలి. పలాస, టెక్కలి, శ్రీకాకుళం అన్నారు, బాగుంది, అక్కడ లాడ్జీలుంటాయి. పగటి విషయానికొస్తే నాకు హైవే కంటే ఊరి రోడ్డే నయం. హైవే మీద ఒంటరిగా ఆగితే కార్లు స్లో చేస్తాయి. ఊళ్లో ఆగితే అరుగు మీద ముసలమ్మ "ఎవరమ్మాయివే, ఒక్కదానివే ఎక్కడికి?" అని నాలుగు ప్రశ్నలు వేసి, చెంబుతో నీళ్లిస్తుంది. ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పడం నాకేమీ కష్టం కాదు. బాత్రూమ్ అవసరానికి కూడా అడగ్గలిగేది ఆవిడనే.

పొందూరు నూలు
మా పొందూరులో ఆగండి, ఖద్దరు నేసే మగ్గాలు చూడొచ్చు. ఇంకో మాట. నాలుగో రోజు దారి రైలు పట్టాల పక్కనే ఉంటుంది. పొందూరు, సిగడాం, బాతువ, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, అన్నీ స్టేషన్లే. ఎవరికైనా ఓపిక లేకపోతే దగ్గర్లో ఉన్న స్టేషన్‌కు వెళ్లి ప్యాసింజర్ ఎక్కేయొచ్చు.

సన్న టైరు వాళ్లకు ఒక హెచ్చరిక. ఊళ్లో సైకిల్ షాపుల్లో ప్యాచ్, సొల్యూషన్, నీళ్ల తొట్టి అన్నీ ఉంటాయి గాని, మీ ప్రెస్టా వాల్వ్‌కు (గాలి కొట్టే సన్న మూతి) వాళ్ల పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి.

ఉలవలతో కూడా జాగ్రత్త. ఆ రోజుల్లో ఉలవ కోసి తీగలు రోడ్డు మీదే పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. పైనుంచి పోనిస్తే తీగ వెనక చక్రంలోకి లాక్కుని గేర్లకు చుట్టుకుంటుంది. నాకు ఒకసారి చుట్టుకుంది. కొడవలితో ముక్కలు ముక్కలుగా కోసి తీశాడు ఆ రైతు, అరగంట పట్టింది. వెనక గేరు వంగిపోయింది. పరిచిన చోట దిగి, పక్క నుంచి నడిపించుకెళ్లండి. గింజ కూడా వాళ్లది పాడవదు.

ఉద్దానం కొబ్బరి
తోటల్లో దారి ఇసుక. చక్రం దిగబడుతుంది. వద్దు.

నాగావళి గట్టు
40 ఎంఎం వెడల్పు టైర్లు వేసుకుని గాలి కొంచెం తగ్గిస్తే ఆ ఇసుకలో వెళ్లొచ్చండీ. నేను రెండేళ్ల క్రితం ఆ దారిన వచ్చాను.

@తెల్లగీత గట్టు మీద గంటకు 14 వెళ్లాను. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే చాలు.

తెల్లగీత
14 మీరు ఒక్కరే వెళ్లారు. ఏడుగురిలో నెమ్మదిగా వచ్చే మనిషి స్పీడే అందరి స్పీడు. ఆ లెక్క వేయకుండా రూటు గీయడం బాధ్యత లేని పని.

నాగావళి గట్టు
బాధ్యత లేదంటున్నారా? ఆరు నెలలు ప్రతి కల్వర్టూ చూసి గీసిన రూటు ఇది. మీరు పదేళ్లుగా ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ మాకు బాధ్యత నేర్పుతున్నారు. హైవే తప్ప వేరే దారి తెలియకపోతే ఆ మాటే చెప్పండి.

తెల్లగీత
తెలుసు కాబట్టే చెప్తున్నాను. 2021లో కాలువ గట్టు మీద సాయంత్రం వస్తున్నాను. గట్టు పైనుంచి నీళ్లు తీసుకోవడానికి ఎవరో గండి కొట్టి, మళ్లీ సరిగా పూడ్చలేదు. వెలుతురు తగ్గింది, కనబడలేదు. ముందు చక్రం అందులో దిగి, నేను కాలువ వైపు పడ్డాను. భుజం ఎముక విరిగింది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే "ఏ ఊరండీ?" అని అడిగారు. గట్టుకు ఊరి పేరు ఏముంటుంది? ఈ చివర ఒక ఊరు, ఆ చివర ఒక ఊరు, మధ్యలో నేను. ఎడ్లు తోలుకెళ్తున్న ఒకాయన చూసి నన్ను లేపి, తువ్వాలుతో చెయ్యి మెడకు కట్టి, రోడ్డు దాకా నడిపించాడు. రెండు కిలోమీటర్లు. ఒక్కో అడుగుకూ ఎముక కదులుతుంటే తెలిసేది. మీతో ఏడుగురు వస్తున్నారు. వాళ్ల ఇళ్లల్లో ఎవరికి ఫోన్ చేసి చెప్తారు?

చంపావతి
ఈ మాట మొదటే చెప్పాల్సింది అన్నయ్యా. ఇంతసేపూ గంటకు ఎన్ని కిలోమీటర్లు అని కొట్టుకున్నారు.

నాగావళి గట్టు
క్షమించండి. నాకు తెలియదు. గట్టు మీద వెళ్లే భాగం మూడో రోజు పొద్దున్నే పెట్టాను, తొమ్మిదింటికల్లా దాటేస్తాం. అయినా గట్టు పక్కన ఊళ్ల పేర్లు, రోడ్డు కలిసే చోట్లు కాగితం మీద రాసి ఒక్కొక్కరి జేబులో పెడతాను. కానీ ఒకరు పడ్డారని గట్లన్నీ వదిలేయాలంటే, నేను హైవే మీద టిప్పర్ గాలికి పడబోయినందుకు హైవే కూడా వదిలేయాలి కదా?

ఉద్దానం కొబ్బరి
ముల్లంటే సీలెంట్ అంటారు. ఇసుకంటే టైరు అంటారు. నేను చెప్పేది మీ సైకిల్ గురించి కాదండీ. అసలు సంగతి చెప్తాను, వినండి.

తిత్లీలో మాకు 60 కొబ్బరి చెట్లు పడిపోయాయి. మా తాత పెట్టినవి. తెల్లారి తలుపు తీస్తే తోట అవతల సముద్రం వైపు ఆకాశం కనబడింది, అంతకుముందు ఎప్పుడూ కనబడలేదు. 2019లో ఆ గుంటల్లోనే మొక్కలు పెట్టాం. నాలుగేళ్లు బిందెలతో నీళ్లు మోసింది మా అమ్మ. మోకాళ్లు అరిగిపోయాయి ఆవిడకు. మొక్కలు నడుమెత్తు దాటాయి, ఇంకో రెండేళ్లకు గెల వేస్తాయని చూస్తున్నాం.

కిందటి జనవరిలో ఆదివారం పొద్దున్న పదిమంది సైకిళ్ల మీద వచ్చారు. బండిదారికి అడ్డంగా మాకో తడిక ఉంటుంది, తాటాకు మట్టలతో కట్టింది, తాడుతో గుంజకు బిగిస్తాం. వాళ్లు తాడు విప్పి, తడిక పక్కకు జరిపి, సైకిళ్లు దాటించుకుని వెళ్లిపోయారు. మళ్లీ కట్టలేదు. మధ్యాహ్నం మేము వెళ్లేసరికి పశువులు లోపలున్నాయి. 22 మొక్కలకు మొవ్వు కొరికేశాయి. మొవ్వు పోతే కొబ్బరి మొక్క మళ్లీ రాదు. మా అమ్మ ఒక్కో మొక్క దగ్గరా కూర్చుని చేత్తో తడుముతూ ఉండిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ పదిమందిలో ఒకతన్ని తర్వాత వారం పలాసలో పట్టుకుని అడిగాను. "మ్యాప్‌లో దారి అని ఉందండీ" అన్నాడు.

తెల్లగీత
చూశారా, అందుకే హైవే మీద వెళ్లమంటున్నాను.

ఉద్దానం కొబ్బరి
మా అమ్మ మొక్కల్ని మీ హైవే వాదనకు వాడుకోకండి. మీ భుజం గురించి చదివి నేను బాధపడ్డాను. ఇది వేరే మాట.

పాత అట్లాస్
బండిదారి పంచాయతీది కదండీ? ఎవరైనా నడవొచ్చు కదా?

ఉద్దానం కొబ్బరి
నడవొచ్చు. మా చుట్టుపక్కల వాళ్లంతా రోజూ నడుస్తారు. జీడిపిక్కలు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు నెత్తిన తట్టతో వెళ్తూ కూడా తడిక మళ్లీ కట్టే వెళ్తారు. అది దారి ఎవరిదన్న గొడవ కాదు. ఆ దారిన నడిచే వాళ్లందరికీ ఆ తడిక ఎందుకుందో తెలుసు. మీ మ్యాప్‌లో గీత ఉంటుంది, తడిక ఉండదు.

నాగావళి గట్టు
ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆ మ్యాప్ నాదే అయ్యుంటుంది. రెండేళ్ల క్రితం ఆ దారిన వచ్చానని పైన చెప్పాను కదా, వచ్చాక ట్రాక్ ఫైల్, అంటే ఫోన్‌లో నమోదైన ఆ దారి గీత, ఇంకో గ్రూపులో పెట్టాను. "హైవే తగలకుండా ఉద్దానం" అని పేరు కూడా పెట్టాను. నేను వెళ్లిన రోజు తడిక ఉన్నట్టు గుర్తు, కట్టాననే గుర్తు. కానీ ఫైల్‌తో పాటు ఆ సంగతి రాయలేదు. రాయాలని తోచలేదు. ఫైల్ తీసేశాను. అప్పటికే దించుకున్న వాళ్ల ఫోన్లలో ఉంటుంది, దానికి ఏం చేయాలో తెలియడం లేదు.

మీ అమ్మగారికి చెప్పండి అనడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

చంపావతి
ఆ గ్రూపులో అందరికీ పేరుపేరునా రాయండి. నేనూ రాస్తాను. ఫైల్ వాడొద్దని ఒక్క లైన్ పెడితే సరిపోదు, కారణం చెప్పండి. 22 మొక్కల మాట చదివితే ఎవరూ వాడరు.

తెల్లగీత
నేను తొందరపడి అన్నాను, ఉద్దానం వారు మన్నించాలి. రూటు మీద మాత్రం నా మాట మారలేదు. గట్టు మీద వెళ్లేటట్టయితే నేను రాను. మడపాం దగ్గర హైవే ఎక్కే చోట కలుస్తాను, అక్కడి నుంచి శ్రీకాకుళం దాకా మీతో ఉంటాను. కట్టు కట్టే సామాను తెస్తాను.

ఉద్దానం కొబ్బరి
మా అమ్మకు చదివి వినిపించాను. "కుర్రాడు ఒప్పుకున్నాడు కదా" అంది, అంతే. నాకు మాత్రం ఇంకా కోపం తగ్గలేదు, ఉన్న మాట చెప్తున్నాను.

తోట దారి మ్యాప్‌లో పెట్టొద్దు. పలాస నుంచి వచ్చేటప్పుడు తారు రోడ్డు మీదే రండి, ఒక ఐదు కిలోమీటర్లు ఎక్కువవుతుంది. మా ఊరి చెరువు దగ్గర ఆగి ఫోన్ చేయండి, నంబరు విడిగా పంపిస్తాను. తోట చూడాలనుంటే నేను తీసుకెళ్తాను, సైకిళ్లు చెరువు గట్టునే వదిలి నడిచి రావాలి. పదిమందికి మించొద్దు. ఏడుగురు, చంపావతి గారితో ఎనిమిది, సరిపోతారు.

నాగావళి గట్టు
చెరువు దగ్గరే ఆగుతాం. కొబ్బరి మొక్కలు మంచివి ఎక్కడ దొరుకుతాయో చెప్పండి. ఆ 22 గుంటలూ ఇంకా ఖాళీగానే ఉన్నాయా?

ఉద్దానం కొబ్బరి
తొమ్మిదింట్లో పెట్టాం. పదమూడు ఉన్నాయి.