పీజీల (ఆపరేషన్లు నేర్చుకునే డాక్టర్ల) చేతి పనికి మార్కులు ఎట్టా వెయ్యాలి?

ప్రశ్న (నెల్లూరు, జనరల్ సర్జరీ):
లాగ్‌బుక్ చూస్తే పీజీ ఎన్ని కేసులు చేశాడో తెలుస్తుంది, ఎట్టా చేశాడో తెలీదు. చెయ్యి తిరిగిందో లేదో కొలిచే పద్ధతి ఏదన్నా చెప్పండి.

జవాబు 1 (ఒంగోలు):
ఓశాట్స్ (ఆపరేషన్ చేసే నైపుణ్యాన్ని కొలిచే) ఫారం వాడండి సార్. 1990ల్లో టొరంటోలో తయారైంది. కణజాలాన్ని పట్టుకునే తీరు, అనవసరపు కదలికలు, పరికరాల వాడకం, అసిస్టెంటుతో పని చేయించుకోవడం లాంటివి 7 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 35. కేసు అవ్వగానే నింపాలి. నెలాఖర్లో కూర్చుని రాస్తే కుర్రాడు మంచోడని అందరికీ 4 పడిపోతుంది!

జవాబు 2:
మొత్తం మార్కు ఒక్కటే నమ్మొద్దు. ల్యాప్ కోలీలో (కెమెరాతో గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం, తీసే ఆపరేషన్) క్లిప్ వేసే ముందు ఆపించి మూడు చూడండి: గాల్‌బ్లాడర్ గొట్టానికీ లివర్‌కీ మధ్య త్రికోణంలో కొవ్వు, పీచు పూర్తిగా తీశాడా? గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు లివర్ మీంచి విడిపించాడా? గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి (సిస్టిక్ డక్ట్, సిస్టిక్ ఆర్టరీ) రెండంటే రెండే కనబడుతున్నాయా? ఒక్కటి తక్కువైనా కత్తెర ఇవ్వొద్దు. కామన్ డక్ట్‌ని (లివర్ నుంచి పేగుకు పైత్యరసం పోయే పెద్ద గొట్టం) సిస్టిక్ డక్ట్ (గాల్‌బ్లాడర్ గొట్టం) అనుకుని కోసేసేది ఇక్కడే. మీరు ఎంత సాయం చేశారో కూడా రాయండి. సగం కేసు మీరే చేసి 30 వేస్తే ఆ మార్కు మీది.

ప్రశ్న అడిగినవారు:
ఒకే పీజీకి ఇద్దరు టీచర్లం వేస్తే మార్కులు కలవడం లేదండీ.

జవాబు 3:
చేతులు మాత్రమే కనబడేట్టు వీడియో తీసి, పేరు చెప్పకుండా ఇద్దరూ విడివిడిగా వెయ్యండి. అంతకుముందు 1 అంటే ఏంది, 5 అంటే ఏంది అని రెండు మూడు వీడియోల మీద మాట్లాడుకోండి. ఫస్టియర్ వాళ్లకైతే ఓటీ (ఆపరేషన్ థియేటర్) దాకా ఎందుకు, ఫోమ్ మీద కుట్లు చాలు. సూదిని దారం అతికిన చివర పట్టుకుంటే వంగిపోతుంది, ముడిలో చేతులు మార్చకపోతే జారిపోతుంది. రెండూ నిమిషంలో బయటపడతాయి.