మన ఎండలకు చేతితో కట్టిన కార్బన్ ఫైబర్ సైకిల్ ఫ్రేమ్ తట్టుకుంటుందా?

ప్రశ్న: హనుమకొండ సైక్లిస్ట్

నేను సెలవు రోజుల్లో హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడి వరకు సైకిల్ తొక్కుతాను. 13 గంటల 30 నిమిషాల్లో ముగించవలసిన 200 కిలోమీటర్ల బ్రెవేలలో (గడువులోగా ముగించే దూరపు సైకిల్ యాత్రల్లో) కూడా పాల్గొంటాను. నా ఎత్తు 188 సెంటీమీటర్లు. కాళ్లు పొడవు, నడుము పైభాగం పొట్టి. అందువల్ల దుకాణంలో దొరికే పెద్ద ఫ్రేము తీసుకుంటే హ్యాండిల్ అందదు, చిన్నది తీసుకుంటే హ్యాండిల్ మరీ కిందికి దిగిపోతుంది. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేము ముందుభాగానికి కలిపే ముక్క) వేసి, దాని కింద స్పేసర్లు (ఎత్తు పెంచే వలయాలు) పేర్చి నడుపుతున్నాను గానీ, సగం దూరం దాటేసరికి మెడ పట్టేస్తోంది.

కొలతలకు తగిన కార్బన్ ఫ్రేము చేయించుకోవాలని ఉంది. విదేశీ తయారీదారుల ధరలు లక్షల్లో ఉన్నాయి. కార్బన్ ట్యూబులు తెప్పించి తన వర్క్‌షాపులోనే అతికించి ఇస్తానని తెలిసిన ఒక యువకుడు అంటున్నాడు. చేతితో వేసిన అతుకు మీద ప్రాణం పెట్టి దిగుడు రోడ్ల మీద వేగంగా వెళ్లవచ్చా? మే నెల ఎండలో కార్బన్ పోగులను పట్టి ఉంచే రెజిన్ (జిగురు పదార్థం) మెత్తబడదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: కాజీపేట కాంపోజిట్

మీ రెండో సందేహానికే ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే మొదటిదాని జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది. కార్బన్ పోగులకు మన ఎండ ఒక లెక్క కాదు. వాటి తయారీలోనే వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడి చూసి వచ్చినవి అవి. వేడికి లొంగేది పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ రెజిన్. ప్రతి రెజిన్‌కు ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దాన్ని దాటితే గట్టిదనం తగ్గి, రెజిన్ సాగడం మొదలవుతుంది. పెద్ద కర్మాగారాలు ముందే రెజిన్ పట్టించిన కార్బన్ షీట్లను మైనస్ 18 డిగ్రీల దగ్గర నిల్వ చేసి, సుమారు 120 డిగ్రీల వేడిలో, ఒత్తిడి కింద గట్టిపరుస్తాయి. అలా తయారైన ఫ్రేముకు ఎండ వల్ల ప్రమాదం లేదు. అదే, మామూలు గది వేడిలో ఆరబెట్టి వదిలేసిన ఎపాక్సీ చాలాసార్లు 50, 60 డిగ్రీల మధ్యనే మెత్తబడటం మొదలుపెడుతుంది. రామగుండంలోనో వరంగల్‌లోనో గాలి 45 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం నల్లటి ఫ్రేమును ఎండలో నిలబెడితే దాని ఉపరితలం 60 దాటుతుంది, తలుపులు మూసిన కారులో పెట్టినా అంతే.

కాబట్టి ఆ యువకుడిని మీరు మొదట అడగవలసింది బరువు ఎంత వస్తుందని కాదు, అతికించిన తరువాత ఫ్రేము మొత్తాన్ని వేడి పెట్టెలో ఉంచి, రెజిన్ తయారీదారు చెప్పిన పద్ధతిలో నెమ్మదిగా వేడి పెంచి, కొన్ని గంటలపాటు నిలిపి ఉంచుతాడా అని. ఆ సౌకర్యం లేకపోతే ఎంత నేర్పరి అయినా అతని దగ్గర ఫ్రేము చేయించుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ఇక చేతి అతుకు విషయం. ట్యూబు కొసను రెండో ట్యూబు గుండ్రానికి సరిగ్గా కూర్చునేలా కోసి, జిగురుతో నిలిపి, ఆ కీలు చుట్టూ పొరలు పొరలుగా కార్బన్ చుట్టి, గాలి లాగేసే సంచిలో బిగించి గట్టిపరచడం ఏళ్లుగా నిలిచిన పద్ధతి. 1991 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ నడిపిన ఫ్రేములను అమెరికాలో క్రెయిగ్ కాల్ఫీ చిన్న సంస్థే కట్టింది. ఇటలీలో సార్టో సంస్థ ఇప్పటికీ ట్యూబుకు ట్యూబు అతికించే కొలతల ఫ్రేములు చేస్తోంది. అతుకులో గాలి బుడగలు మిగలకుండా చూడటమే ఇందులో అసలైన పనితనం. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు కూర్చునే చోటు) దగ్గర అల్యూమినియం తొడుగు వేస్తే దానికీ కార్బన్‌కూ మధ్య గాజు పోగుల పొర తప్పనిసరిగా ఉండాలి. లేకుంటే చెమట, వాన నీరు చేరినప్పుడు అల్యూమినియం తినేయబడి తొడుగు ఊడిపోతుంది.

జవాబు: కొత్తవాడ మగ్గం

మాది షత్రంజీలు నేసే ఇల్లు కాబట్టి ఒక్క విషయం చేరుస్తాను. పైకి కనిపించే అల్లికను చూసి ఫ్రేము బలాన్ని అంచనా వేయకండి. పడుగు, పేక కలిపి నేసిన బట్టలో పోగు ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంగుతూ వెళుతుంది కనుక, తిన్నగా పరిచిన పోగుకు ఉన్నంత బిగువు దానికి రాదు. బరువు మోసే పొరల్లో పోగులన్నీ ఒకే దిశలో ఉంటాయి. ట్యూబు పొడవునా పరిచినవి వంపును, ఏటవాలుగా 45 డిగ్రీలకు వేసినవి పెడల్ తొక్కినప్పుడు వచ్చే మెలికను, అడ్డంగా చుట్టినవి నొక్కుడును ఆపుతాయి. మీ బరువునూ తొక్కే తీరునూ బట్టి ఈ పొరలను మార్చగలగడమే చేతి పనిలోని విలువ. ఏ పొర ఏ దిశలో వేస్తాడో కాగితం మీద గీసి ఇవ్వమనండి.

జవాబు: కరీంనగర్ వీల్‌సెట్

మెడ నొప్పికి కారణం కొలత, లోహమో కార్బనో కాదు. ముందు మంచి ఫిట్టర్ దగ్గర కూర్చుని సీటు ఎత్తు, సీటు వెనకబాటు, హ్యాండిల్ దూరం తేల్చుకోండి. వాటి నుంచి ఫ్రేము స్టాక్ (పెడళ్ల ఇరుసు నుంచి ఫ్రేము ముందు గొట్టం పైకొస దాకా ఎత్తు), రీచ్ (ఆ రెండింటి మధ్య అడ్డంగా దూరం) లెక్కకు వస్తాయి. మీ వర్ణన ప్రకారం స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ కావాలి. అదే కొలతలతో ఉక్కు ఫ్రేమును చాలా తక్కువ ఖర్చుతో చేయించవచ్చు. బరువు కొంత పెరుగుతుంది గానీ, బ్రెవేలకు అది పెద్ద అడ్డంకి కాదు. ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టుకునే భాగాన్ని) మాత్రం పేరున్న సంస్థ చేసినదే కొనండి. మీరిప్పుడు పేర్చిన స్పేసర్ల ఎత్తును కూడా సరిచూడండి, కార్బన్ స్టీరర్లకు (స్టెమ్ బిగించే ఫోర్కు పైగొట్టాలకు) చాలా సంస్థలు 30 నుంచి 40 మిల్లీమీటర్ల హద్దు పెడతాయి.

ప్రశ్న వేసినవారు: హనుమకొండ సైక్లిస్ట్

అందరికీ కృతజ్ఞతలు. ఆ యువకుడిని అడిగాను. వేడి పెట్టె ఇంకా లేదట, కట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడట. అది సిద్ధమయ్యాక ముందుగా ఒక నమూనా కీలు మాత్రమే చేయించి పరీక్షిస్తే సరిపోతుందా?

జవాబు: కాజీపేట కాంపోజిట్

ఒకటి చాలదు, ఒకే రెజిన్‌తో, ఒకే రోజున రెండు చేయించండి. ఒకదాన్ని మామూలు వేడిలోనూ, రెండోదాన్ని 70 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి ఆ వేడిలోనే, ఒకే రకంగా బరువు వేలాడదీసి విరిగే దాకా చూడండి. రెండోది బాగా తక్కువ బరువుకే సాగినా, జిగురు గీత వెంట ఊడివచ్చినా ఆ పద్ధతి మన ఊరికి పనికిరాదు. రెండూ దాదాపు ఒకే బరువు దగ్గర, జిగురు గీత వద్ద కాకుండా ట్యూబు గోడలోనే విరిగితే అప్పుడు ఫ్రేముకు కొలతలు ఇవ్వండి. ఆ తరువాత కూడా, పదే పదే పడే భారానికి సైకిళ్ల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 ప్రకారం ఒక పూర్తి ఫ్రేమును పరీక్ష చేయించాడా అని అడగడం మరచిపోకండి, ఎందుకంటే ఒక్కసారి బరువు వేసి విరిచే పరీక్ష ఆ సంగతి చెప్పదు.