పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) అని రాశారు, పొట్ట మెత్తగానే ఉంది. ఎలా?

నర్సింగ్_మూడోఏడు: సాయంత్రం నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, ఎంతకీ తెగట్లేదు. రేపే కేస్ ప్రెజెంటేషన్. పేషెంట్‌కి 52 ఏళ్లు, మగ. జ్వరం, పొట్టనొప్పి, నిన్నటి నుంచి మగతగా ఉంటున్నాడు. పెరిటోనైటిస్ అని రాశారు. పుస్తకంలోనేమో పొట్ట చెక్కలా బిగుసుకోవాలి, నొక్కి వదిలితే నొప్పి రావాలి, ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద గాలి కనపడాలి అని ఉంది. ఈయనకి ఒక్కటీ లేదు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు కూడా. కారణం ఏమని రాయాలి? త్వరగా చెప్పండి ప్లీజ్.

డిసెక్షన్_హాల్: ముందు పెరిటోనియం అనే ఆ పొర సంగతి తెలుసుకో అమ్మా, లక్షణాలు వాటంతటవే అర్థమవుతాయి. పొట్ట గోడకి లోపల అంటుకుని ఉండేది పెరైటల్ పొర. అదే మళ్ళి పేగుల్నీ కాలేయాన్నీ కప్పితే విసరల్. ఈ రెండింటి నడుమ సందే క్యావిటీ, మామూలుగా అందులో ఉండేది కాస్త తడి మాత్రమే. పేగులు క్యావిటీలో ఉంటాయని రాస్తే నేను మార్కులు వెయ్యను. నిజంగా క్యావిటీలో ఉందనదగ్గది అండాశయం ఒక్కటే. కిడ్నీలు, పాంక్రియాస్‌లో ఎక్కువ భాగం పొరకి వెనకాల ఉంటాయి.

ఐసీయూ_నైట్: పొట్టలో నీరుందా?

సర్జరీ_పీజీ: సార్, ఆపరేషన్ టేబుల్ మీద ఆ తేడాతో పనిలేదు. పేగుకి చిల్లుపడితే మలం పోయేది క్యావిటీలోకే.

డిసెక్షన్_హాల్: పనిలేదని ఎవరన్నారు? విసరల్ పొరకి కోత, స్పర్శ తెలియవు, సాగదీస్తేనే నొప్పి. అదీ ఎక్కడో చెప్పలేని నొప్పి. పెరైటల్ పొరకి పొట్ట గోడ నరాలే వస్తాయి కాబట్టి చోటు వేలుపెట్టి చూపించగలరు. అపెండిక్స్ నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందకి దిగేది అందుకే. డయాఫ్రం కింద చీము చేరితే భుజం నొప్పి పుడుతుంది, డయాఫ్రంకి వెళ్లే ఫ్రెనిక్ నరం మెడలోంచి వస్తుంది కనక.

సర్జరీ_పీజీ: దీంతో నాకు పేచీ లేదు. అమ్మాయ్, డుయోడినల్ అల్సర్ (చిన్నపేగు మొదట్లో పుండు) చిల్లుపడటం, అపెండిక్స్ పగలడం, టైఫాయిడ్ మూడో వారంలో చిన్నపేగు చివర చిల్లుపడటం, ఇవి రాయి. ఇలాంటి పేషెంట్ కదలకుండా పడుకుంటాడు. కిడ్నీ రాయి నొప్పి అయితే దొర్లుతాడు. ఇంకొకటి, నొక్కి వదలడం ఊరికే బాధపెట్టడమే. దగ్గమని చెప్పండి చాలు. ఇంతకీ ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టా?

నర్సింగ్_మూడోఏడు: నిలబెట్టే తీశారు సార్. నీరుంది మేడమ్, లివర్ సిర్రోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడటం) అని కేస్ షీట్ మొదట్లోనే ఉంది. దానికీ పెరిటోనైటిస్‌కీ ఏం సంబంధం?

ఐసీయూ_నైట్: అదే కారణం. చిల్లు లేకుండానే పేగులోని బ్యాక్టీరియా ఆ నీటిలోకి చేరతాయి, ఎక్కువగా ఈ.కోలై. సిర్రోసిస్ నీటికి వాటిని చంపే శక్తి తక్కువ. రెండు పొరల మధ్య నీరు నిండి ఉంది కాబట్టి పొట్ట బిగుసుకోదు. మగత ఒక్కటే కనపడే వాళ్లూ ఉంటారు. నీరు తీసి పరీక్షకి పంపారా? న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) ఎన్ని?

నర్సింగ్_మూడోఏడు: 640.

ఐసీయూ_నైట్: క్యూబిక్ మిల్లీమీటర్‌కి 250 దాటితే చాలు, కల్చర్ (బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) కోసం ఆగరు. స్పాంటేనియస్ బ్యాక్టీరియల్ పెరిటోనైటిస్ అని రాయి. యాంటీబయాటిక్‌గా సెఫోటాక్సిమ్, కిడ్నీలు దెబ్బతినకుండా ఆల్బుమిన్ అనే ప్రోటీన్. యూరిన్ చార్ట్ జాగ్రత్తగా చూడు.

సర్జరీ_పీజీ: మేం ప్రైమరీ పెరిటోనైటిస్ అంటాం. కల్చర్‌లో రెండుమూడు రకాల బ్యాక్టీరియా వచ్చినా, మందులకి కౌంట్ తగ్గకపోయినా చిల్లు ఉందేమో స్కాన్ చెయ్యాలి. అది కూడా రాయి.

డిసెక్షన్_హాల్: ప్రైమరీ అంటే అందులో పిల్లల్లో వచ్చేదీ కలుస్తుంది. రెండూ ఒకటి కాదు.

సర్జరీ_పీజీ: ఒకటని నేననలేదు సార్. ఇది దాని కిందకి వస్తుంది, అంతే.

నర్సింగ్_మూడోఏడు: ఓకే, స్లైడ్ మార్చేశా. థాంక్స్ అందరికీ.

కొత్త_సభ్యుడు: ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. నాన్నగారికి ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేస్తున్నాం. పొద్దున్నుంచి బయటికొచ్చే ద్రవం మబ్బుగా ఉంది. నొప్పి పెద్దగా లేదంటున్నారు. రేపటిదాకా చూడొచ్చా?

ఐసీయూ_నైట్: చూడొద్దు. అదీ పెరిటోనైటిసే కావచ్చు. ఆ బ్యాగు పారెయ్యకుండా వెంట పట్టుకుని ఇప్పుడే మీ డయాలసిస్ సెంటర్‌కి వెళ్లండి.