శనివారం లండన్ నడక: పనులు పంచుకుందాం (అర్జెంట్)

శ్రీధర్, మంగళవారం రాత్రి 9:10
ఇంక నాలుగు రోజులే ఉంది. పేర్లు 42 వచ్చాయి, అందులో 15 మంది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలే. బ్యాడ్జీలు అనూష. బ్యానర్, చేతి మైకు కిరణ్. పిల్లల క్విజ్ పద్మక్క. డబ్బులు వాసు. ఉదయం 10కి వెస్ట్‌మినిస్టర్ స్టేషన్ బయట కలుద్దాం. బిగ్ బెన్, పార్లమెంట్ స్క్వేర్‌లో గాంధీ గారు, డౌనింగ్ స్ట్రీట్ గేటు, 11కి హార్స్ గార్డ్స్ దగ్గర కాపలా మారడం, సెయింట్ జేమ్స్ పార్క్, ట్రఫాల్గర్ స్క్వేర్. 1కి హాల్లో భోజనం.

అనూష, 9:22
ఓకే అన్నా. బ్యాడ్జీ మీద పేర్లు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

వాసు, 9:41
బ్యాడ్జీల సంగతి తర్వాత. హాలు వాళ్ళ మెయిల్ ఇప్పుడే చూశా. బయటి తిండి తేకూడదట. వాళ్ళ దగ్గరే కొనాలి, తలకి 18 పౌండ్లు. 42 మందికి 756. మనం తలకి 8 చొప్పున వసూలు చేసింది 336.

పద్మక్క, 9:44
18 పౌండ్లకి ఏం పెడతారట?

వాసు, 9:45
శాండ్‌విచ్, చిప్స్ ప్యాకెట్, ఒక యాపిల్.

పద్మక్క, 9:45
మా అత్తగారు దాన్ని టిఫిన్ అని కూడా అనరు.

కిరణ్, 9:50
బుక్ చేసేటప్పుడు అడగలేదా?

శ్రీధర్, 9:52
ఫోన్లో అడిగా. పర్లేదు, తెచ్చుకోండి అన్నారు.

వాసు, 9:53
ఫోన్లో! మళ్ళీ ఉగాది కథే.

శ్రీధర్, 9:58
ఉగాది ఊసు ఇప్పుడెందుకు? పిల్లల్ని పడుకోబెట్టి అర్ధరాత్రి మెయిళ్ళు రాసేది నేను. అంత తెలిసినవాడివి శనివారం నువ్వే నడిపించు.

వాసు, 9:59
నడిపిస్తాలే. నా కార్డు మీద కట్టిన 100 అడ్వాన్స్ ఎవరిస్తారో ముందు అది తేల్చు.

పద్మక్క, బుధవారం ఉదయం 6:50
ఇద్దరికీ నిద్ర పట్టిందా? పులిహోర నేను చేస్తా. హాలు లేకపోతే తినడానికి ఇంత చోటు దొరకదా?

అనూష, 7:15
హార్స్ గార్డ్స్ మైదానం దాటి రోడ్డు అవతలికి వెళ్తే సెయింట్ జేమ్స్ పార్కే కదక్కా. చెరువు పక్కన గడ్డి మీద దుప్పట్లు పరుద్దాం. పెలికన్లున్నాయి, 1664లో రష్యా రాయబారి ఇచ్చిన కానుకతో మొదలైన ఆనవాయితీ. పులిహోర వాటికి మాత్రం పెట్టనివ్వకండి.

కిరణ్, 7:30
వానొస్తే?

అనూష, 7:33
నేషనల్ గ్యాలరీలో దూరదాం, టికెట్ లేదు, టాయిలెట్లూ ఉన్నాయి. తినేది మాత్రం తర్వాత గొడుగుల కిందే.

కిరణ్, 8:05
ఇంకో మాట. పార్లమెంట్ స్క్వేర్‌లో అనుమతి లేకుండా మైకు వాడకూడదు, 2011లో చట్టం చేశారు. అందరికీ వినిపించేదెలా?

పద్మక్క, 8:20
మా ఇంటికి తెనాలి నుంచి మా మాస్టారు బాబాయ్ వచ్చారు. అడిగితే, "అరవై మంది పిల్లలకి ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను, మైకెందుకే" అన్నారు. ఆయనదో షరతు, గంట 10 కొట్టేసరికి అందరూ వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద ఉండాలి. బిగ్ బెన్ అంటే గోపురం కాదు, లోపలున్న 13.7 టన్నుల గంట అని అక్కడే చెప్తారట. లోలకం మీద పాత పెన్నీ ఒకటి పెడితే గడియారం రోజుకి 0.4 సెకను ముందుకెళ్తుందనే ముచ్చట కూడా ఉంది. ఇక నా క్విజ్ ఎవరికి కావాలి!

శ్రీధర్, 8:31
అయితే 9:40కే రమ్మందాం. బాబాయ్ గారికి గాంధీ గారి విగ్రహం దగ్గర పది నిమిషాలు ఎక్కువే ఇద్దాం, 2015లో పెట్టారు, అక్కడ పెద్దవాళ్ళు ఫొటోలు దిగకుండా కదలరు. హాలు రద్దు చేస్తూ రాశా. ఈసారి మెయిల్లోనే. వాసూ, రాత్రి నోరు జారా, ఏమీ అనుకోకు.

వాసు, 12:40
హాలు వాళ్ళు 60 వెనక్కి ఇస్తారట. మిగతా 40 ఎవరూ ఎత్తకండి. నేనూ కాస్త ఎక్కువే అన్నా. పెరుగన్నం మాది. ఈస్ట్ హామ్ వెళ్తున్నా, విస్తరాకులు తేనా, పేపర్ ప్లేట్లా?

పద్మక్క, 12:42
ప్లేట్లే తే నాయనా. గాలికి ఎగిరిపోనివి చూడు. చెత్తకి పెద్ద సంచులు కూడా.

అనూష, 12:55
మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు నలుగురు. నేను వెనక వాళ్ళతో నడుస్తా. బ్యాడ్జీలు...

కిరణ్, 1:10
దుప్పట్లు నా దగ్గర మూడున్నాయి. ఇంకెవరి దగ్గరున్నాయి?