పాత చేపల ట్యాంక్‌లో గ్రావెల్ తీసి ఇసుక వేయడం: ఒకేసారా, విడతలుగానా?

పాత ట్యాంక్, ఎంవీపీ కాలనీ
ట్యాంక్ 36×15×18 అంగుళాలు, పెట్టి నాలుగేళ్లయింది. అడుగున 3 అంగుళాల రంగు గ్రావెల్ (చిన్న గులకరాళ్లు). 15 టెట్రాలు, 6 కోరీలు (అడుగున మేసే మీసాల చేపలు) ఉన్నాయి. కోరీల మీసాలు అరిగిపోతున్నాయి, అందుకే ఇసుకకి మారాలి. ఒక్కపూటలో మొత్తం తీసేయమని కొందరు, మూడు విడతలుగా చేయమని కొందరు అంటున్నారు. ఏది సరైనది? ఏ ఇసుక వాడాలి?

గాజువాక సిక్లిడ్
ఒకేసారి తీసేయండి. గ్రావెల్, ఇసుక పక్కపక్కన ఉంటే ఇసుక సందుల్లోకి జారిపోతుంది, తర్వాత వేరు చేయడం ఎవరి తరమూ కాదు. పైగా కదిపిన ప్రతిసారీ మడ్డి లేస్తుంది. పైన ఉన్న తేట నీళ్లు 60 లీటర్లు టబ్బులోకి లాగి, చేపల్ని మార్చి, ఎయిర్ స్టోన్ వేసి మూత పెట్టండి. కోరీలు ఎగిరి పడతాయి. చేపలు బయటికొచ్చాకే గ్రావెల్ ముట్టుకోవాలి. ప్లాస్టిక్ చేటతో తోడండి, ఇనుప గరిటైతే గాజు గీరుకుపోతుంది. ఆ సైజుకి 40 కిలోల దాకా వస్తుంది. నీళ్లున్న ట్యాంక్‌ని మాత్రం జరపొద్దు, సిలికాన్ అతుకు వదిలేస్తుంది.

మధురవాడ మొక్కలు
ఈ ఎండల్లో ఒకేసారి అంటే నేను ఒప్పుకోను. నీళ్లు 30 డిగ్రీలు, పీహెచ్ 8 ఉంటే చేపల వ్యర్థాల నుంచి పుట్టే మొత్తం అమ్మోనియాలో 7 శాతం పైగా విషరూపంలోనే ఉంటుంది. అదే పీహెచ్ 7 అయితే ఒక శాతం కూడా ఉండదు. వేడి నీళ్లలో ఆక్సిజనూ తక్కువే. గ్రావెల్ మీది బ్యాక్టీరియా ఒక్కపూటలో పోతే ఆ అమ్మోనియాని తినేదెవరు? పదిహేను రోజులకో మూడోవంతు తీయండి. మధ్యలో యాక్రిలిక్ పట్టీ నిలబెడితే ఇసుక కలవదు.

గాజువాక సిక్లిడ్
బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్‌లో కదండీ. దాన్ని టబ్బులో నడుపుతూ ఉంటే చాలు.

సీతమ్మధార
ఇద్దరూ ఒక్క నిమిషం. పాత ట్యాంక్ గారూ, మీ ఫిల్టర్ ఏది? గ్రావెల్ కింద చిల్లుల ప్లేటు, మూలల్లో నిలువు గొట్టాలు ఉన్నాయా?

పాత ట్యాంక్
ఉన్నాయండి. రెండు గొట్టాలు, ఎయిర్ పంపుతో నడుస్తాయి. వేరే ఫిల్టర్ లేదు.

సీతమ్మధార
అయితే లెక్క మారింది. అండర్ గ్రావెల్ ఫిల్టర్‌లో గ్రావెలే ఫిల్టర్. ఈరోజు మొత్తం తీస్తే ఫిల్టర్ ఊడబీకినట్టే. విడతలుగా తీస్తే ఇంకో చిక్కు. గ్రావెల్ లేని చోట చిల్లులు బోడిగా ఉంటాయి, నీళ్లు అడ్డులేని ఆ దారినే పోతాయి. మిగిలిన గ్రావెల్‌లో నీళ్లు కదలక, ఆక్సిజన్ అందక లోపల కుళ్లుతుంది. నల్లమచ్చలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. ప్లేటు ఉంచి ఇసుక పోసినా చిల్లులు పూడుకుపోతాయి.

ఇప్పుడే రెండు పెద్ద స్పాంజ్ ఫిల్టర్లు దించి, పాతదాంతో పాటు 6 వారాలు నడపండి. తర్వాత గాజువాక గారు చెప్పినట్టే, స్పాంజ్‌లు టబ్బులో నడుపుతూ, ప్లేటుతో సహా ఒక్కపూటలో తీసేయండి.

మధురవాడ మొక్కలు
విడతల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 6 వారాలు నడిపితే చాలనుకోవద్దు. ట్యాంక్‌లో పుట్టే అమ్మోనియాని గ్రావెల్, స్పాంజ్ పంచుకుంటాయి. ఎన్ని వారాలైనా స్పాంజ్‌లో దాని వాటాకి తగ్గ బ్యాక్టీరియానే పెరుగుతుంది. అందుకే 3 కిలోల పాత గ్రావెల్‌ని ట్యాంక్ నీళ్లలోనే జాడించి, దోమతెర గుడ్డ సంచుల్లో కట్టి, ఇసుక వేశాక నెలపాటు లోపల ఉంచండి.

గాజువాక సిక్లిడ్
ఆ సంచుల్లో నీళ్లు పారవు, వారానికే మడ్డి పడుతుంది. దానికన్నా వారం ముందు నుంచి ప్లేటు గొట్టాలకి గాలి ఆపేస్తే స్పాంజ్‌లే బలపడతాయి.

సీతమ్మధార
గాలి ఆపొద్దండి! వారం రోజులు నీళ్లు కదలని గ్రావెల్ కుళ్లుతుంది, చేపలేమో ఇంకా అందులోనే ఉంటాయి. సంచులు పెట్టొచ్చు, కానీ అరచేతి మందం మించకుండా, స్పాంజ్ బుడగల పక్కనే.

పాత ట్యాంక్
సరే. రుషికొండ బీచ్ ఇసుక కడిగి వాడొచ్చా?

సీతమ్మధార
వద్దు. ఉప్పు కడిగితే పోతుంది, గవ్వల ముక్కలు పోవు. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే, పీహెచ్ పెరుగుతూ పోతుంది. భీమిలి వైపు ఇసుకలో ఇల్మెనైట్ లాంటి నల్లరేణువులుంటాయి. నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే రేణువులుంటే, రేపు పవర్ ఫిల్టర్ పెట్టినప్పుడు ఇంపెల్లర్‌కి (నీళ్లు తోసే రెక్కల చక్రానికి) పట్టి అరగదీస్తాయి. రోబో శాండ్ అసలే వద్దు. అది రాయి పగలగొట్టి చేసింది, అంచులు పదును, మీరు మారుస్తున్నదే మీసాల కోసం.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే నాగావళి, వంశధార ఇసుక తెచ్చి, మిల్లీమీటరు జల్లెడలో దిగినదే వాడండి. జల్లించాక 25 కిలోలుంటే అంగుళంన్నర మందం వస్తుంది. 3 కిలోల చొప్పున బకెట్‌లో వేసి, చెయ్యి తిప్పుతూ, నీళ్లలోంచి ఇసుక రేణువు కనబడేదాకా కడగండి. మీసాలు అరగడానికి పదునొక్కటే కాదు, మడ్డి కూడా కారణమే. ఇసుక వేశాక కూడా వారంవారం పైపైన సైఫన్ చేయాల్సిందే, అంటే గొట్టంతో మడ్డి లాగేయాలి.

మధురవాడ మొక్కలు
ముందురోజు, ఆ రోజు, మర్నాడు మేత వేయకండి. తర్వాత పది రోజులు సగం మేతే. రోజూ అమ్మోనియా, దాన్నుంచి బ్యాక్టీరియా చేసే నైట్రైట్ ఎంతున్నాయో చూడండి. ఏదైనా 0.5 పీపీఎం చేరితే మూడోవంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లకి క్లోరిన్ పోగొట్టే హైపో మరవొద్దు. సంచుల విషయంలో నా మాట అదే.

గాజువాక సిక్లిడ్
పెడితే పెట్టండి. వాసన వచ్చిన రోజే తీసేయండి.

పాత ట్యాంక్
ఈ ఆదివారం స్పాంజ్‌లు దించేస్తాను. 6 వారాలకి ఎండలు కూడా తగ్గుతాయి.