డంప్ ఇంపోర్ట్ అయింది కానీ తెలుగు పేర్లన్నీ క్వశ్చన్ మార్కులే వస్తున్నాయి

అన్నా, చిత్తూరులో మా మామిడికాయల మండీ బిల్లింగ్ డేటాబేస్‌ని పాత ల్యాప్‌టాప్ నుంచి కొత్త పీసీకి మార్చాలి, మూడు రోజులుగా కుస్తీ పడతా ఉన్నా. పాతదాంట్లో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8.0, కొత్తదాంట్లో ఎక్సాంప్ ప్యాకేజీతో వచ్చిన, అలాంటిదే అయిన మారియాడీబీ 10.4, రెండూ విండోసే. పాతదాంట్లోంచి డంప్ (డేటా మొత్తం రాసి ఉన్న ఫైల్) తీసి కొత్తదాంట్లోకి ఎక్కిస్తా ఉన్నా.

మొదట ఎర్రర్ 1273, అన్‌నోన్ కొలేషన్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అని వచ్చింది (కొలేషన్ అంటే అక్షరాలని పోల్చి వరస పెట్టే పద్ధతి). డంప్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి దాన్ని యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐ అని రీప్లేస్ చేస్తే ఆ ఎర్రర్ పోయింది. పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే విండో) ఫైల్‌ని లోపలికి పంపే '<' గుర్తు ఒప్పుకోలేదు, అందుకని గెట్-కంటెంట్‌తో ఫైల్ చదివి పైప్ (ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి అందించే '|' గుర్తు) పెట్టి మైఎస్‌క్యూఎల్ కమాండ్‌కి (మారియాడీబీలోనూ దాని పేరు అదే) పంపినా. ఎర్రర్ ఏమీ లేదు, వరసలు కూడా 6,412కి 6,412 సరిపోయినాయి.

కానీ రైతుల పేర్లన్నీ పోయినాయి. 'వెంకటరమణ' ఉండాల్సిన చోట వరసగా 24 క్వశ్చన్ మార్కులు, హెక్స్ (లోపల దాచిన బైట్ల కోడ్) తీసి చూస్తే అన్నీ 3ఎఫ్, అది క్వశ్చన్ మార్కు కోడే, అంటే లోపలే చెడిపోయిందన్నమాట, చూపించడంలో తేడా కాదు. ఇంగ్లీషు, అంకెలు మాత్రం బాగున్నాయి. డంప్ ఫైల్ తెరిస్తే తెలుగు చక్కగా కనిపిస్తోంది, టేబుల్, కాలమ్ రెండూ తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 లోనే ఉన్నాయి. ఏ అక్షరాల కోడ్ వాడాలో చెప్పే డీఫాల్ట్-క్యారెక్టర్-సెట్ ఆప్షన్ ఇచ్చి, డేటాబేస్ డ్రాప్ చేసి మళ్ళీ ఎక్కించినా అదే కథ. పేరు లేకపోతే ఏ రైతుకి ఎంత బాకీ ఉందో తేల్చలేం, అదే నా భయం.

తెలుగుని చెడగొడుతున్నది ఆ పవర్‌షెల్ పైపేనా, అయితే దాన్ని తప్పించి ఏ కమాండ్‌తో ఇంపోర్ట్ చెయ్యాలి?