వంతెన సుస్థిరతను (సస్టెయినబిలిటీని) లెక్కించేటప్పుడు దేనిని దేనితో పోల్చాలి?

ప్రశ్న: కోనసీమ విద్యార్థి
అందరికీ నమస్కారం. ఎం.టెక్. ప్రాజెక్టు కోసం గోదావరి పాయ మీద 120 మీటర్ల పొడవున రెండు లైన్ల రోడ్డు వంతెనకు రెండు నమూనాలు వేశాను. ఒకటి 30 మీటర్ల ప్రీస్ట్రెస్డ్ (లోపల ఉక్కు తీగలను లాగి బిగించిన) కాంక్రీటు గర్డర్లతో, అంటే దూలాలతో, నాలుగు స్పాన్లు (రెండు ఆధారాల మధ్య భాగాలు), రెండవది 60 మీటర్ల ఉక్కు గర్డర్ల మీద కాంక్రీటు స్లాబుతో రెండు స్పాన్లు. డెక్ (వాహనాలు నడిచే పైభాగం) చదరపు మీటరుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో లెక్కిస్తే కాంక్రీటు నమూనాయే చాలా మెరుగ్గా కనిపించింది. ఇంతటితో ఒకదానికంటే మరొకటి సుస్థిరమైనదని చెప్పవచ్చునా?

సమాధానం: విశ్రాంత ఇంజినీరు
చెప్పకూడదు బాబూ. మీరు డెక్‌ను మాత్రమే తూచారు, నదిలోకి దిగలేదు. 30 మీటర్ల స్పాన్లకు నీటిలో మూడు పియర్లు (స్తంభాలు) కావాలి, 60 మీటర్ల స్పాన్లకు ఒకటి చాలు. మన డెల్టా ఇసుకలో వరద కోతకు తట్టుకునేలా బావి పునాదులను ఎంత లోతుకు దింపాలో తెలిసిన వారెవరూ ఆ రెండు అదనపు బావుల కాంక్రీటును పక్కన పెట్టరు. ఉక్కు పైభాగం తేలిక కనుక, అంతే స్పాన్‌కు కాంక్రీటు వాడినప్పటి కంటే ఆ ఒక్క బావి మీద పడే బరువు కూడా కొంత తగ్గుతుంది. ఇవన్నీ కలిపాక మీ ఫలితం తారుమారు కావచ్చు, కాకపోనూ వచ్చు.

ఇక ఆయుష్షు సంగతి. రాజమహేంద్రవరంలో 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన మీద 1997 వరకు రైళ్లు నడిచాయి. ఆనాటి రాతి పియర్లు నేటికీ నదిలో నిలిచే ఉన్నాయి. 97 ఏళ్ల సేవ మీద పంచితే ఆనాడు వాడిన ఉక్కు, రాయి ఏడాదికి ఎంత పడతాయో ఆలోచించండి. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి కాంక్రీటు వంతెనల ప్రమాణం ఐఆర్‌సీ 112 కూడా సాధారణ వంతెనలకు 100 ఏళ్ల సేవాకాలం కోరుతుంది. కాబట్టి ‘చదరపు మీటరుకు’ అనే కొలతకు బదులు ‘ఇంత రద్దీని 100 ఏళ్లు మోయడానికి’ అని పెట్టుకోండి.

సమాధానం: ప్రవాస ఇంజినీరు
పై మాటలతో ఏకీభవిస్తూ రెండు విషయాలు చేరుస్తాను. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 60 శాతం ఇంధనం నుంచి కాక సున్నపురాయి విడిపోవడం వల్లనే వస్తుంది. అందువల్ల బట్టీకి సౌర విద్యుత్తు ఇచ్చినా అది పోదు, క్లింకర్‌ను (సున్నపురాయిని కాల్చి చేసే, సిమెంటుకు మూలమైన పదార్థాన్ని) తగ్గించవలసిందే. దాని బదులు కొంత స్లాగ్ (ఇనుప కొలిమి నుంచి వచ్చే చిట్టెం) వాడితే ఉద్గారాలు తగ్గడమే కాక ఉప్పుగాలి తగిలే చోట ఊచలకు రక్షణ కూడా పెరుగుతుంది. అయితే దానికి బలం నెమ్మదిగా వస్తుంది కనుక క్యూరింగ్‌లో (కాంక్రీటును తడిగా ఉంచి గట్టిపడనివ్వడంలో) తొందరపడితే ఆ లాభమంతా పోతుంది.

ఉక్కు విషయంలో చాలామంది చేసే పొరపాటు వేరు. తుక్కుతో చేసిన ఉక్కు అని మొదట ఒకసారి, చివర మళ్లీ కరిగించవచ్చునని మరోసారి ఉద్గారాల లెక్కలో తగ్గింపు తీసుకుంటారు. నిర్మాణ సామగ్రి పర్యావరణ లెక్కలకు ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 15804 ప్రకారం చివరి లాభాన్ని ‘డి’ మాడ్యూల్ అనే భాగంలో విడిగా చూపాలే తప్ప మొత్తంలో కలపకూడదు.

కోనసీమ విద్యార్థి
కృతజ్ఞతలు. పునాదులను తప్పక చేరుస్తాను. ఉక్కుకు రంగులు, రెండింటికీ బేరింగుల (గర్డర్‌కు, పియర్‌కు మధ్య ఉండే దిమ్మల) మార్పిడి కూడా కలపాలా? ఆ పదార్థాల పరిమాణం స్వల్పమే కదా?

సమాధానం: విశ్రాంత ఇంజినీరు
పదార్థం స్వల్పమే, ఆ పనులకు వంతెన మూస్తే జరిగే దారి మళ్లింపు స్వల్పం కాదు. రోజుకు 5,000 వాహనాలు 30 రోజుల పాటు 12 కిలోమీటర్లు చుట్టు తిరిగాయనుకోండి, అది 18 లక్షల కిలోమీటర్ల ప్రయాణం. అన్నీ డీజిల్ బండ్లే, సగటున లీటరుకు 8 కిలోమీటర్లు అనుకుంటే 2.25 లక్షల లీటర్లు, అంటే దాదాపు 600 టన్నుల కార్బన్ డయాక్సైడ్. సుమారు 650 టన్నుల సాధారణ సిమెంటు తయారీతో అది సమానం. మీ డెక్ మొత్తానికీ అంత సిమెంటు పడుతుందా, చూసుకోండి. ఒక మూలనున్న పల్లెకు ఆసుపత్రి దారి నెల రోజులు మూసుకుపోవడం ఈ టన్నుల్లో కనబడదు, దానిని సామాజిక ప్రభావం కింద వేరుగా రాయండి.

ముందు ఒక పని చేయండి. మీ డ్రాయింగులలో పియర్ క్యాప్ (పియర్ తలమీది దిమ్మె) మీద, బేరింగుల పక్కన, గర్డర్‌ను ఎత్తే జాకీ పెట్టడానికి చోటు వదిలారా? ఒకప్పుడు నేను తనిఖీ చేసిన వంతెనకు అది వదలలేదు. బేరింగులు మార్చడం కోసం నదిలో తాత్కాలిక స్తంభాలు కట్టవలసి వచ్చింది.